నాటకంగా మారిన పరిశోధన: లీజ్ మైట్నర్ కథ



ఈ పాఠాన్ని ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఆ ప్రశ్న నాది కాదు. చాలా ఏళ్ళ క్రితం డిగ్రీ తరగతిలో కేంద్రక విచ్ఛిత్తి పాఠం చెబుతున్నాను. బోర్డు మీద "1938 - ఓటో హాన్, స్ట్రాస్‌మన్" అని రాసి కింద గీత గీశాను. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది. రెండో బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, వాళ్ళిద్దరూ కెమిస్ట్రీ వాళ్ళని మీరే చెప్పారు. మరి కేంద్రకం పగిలిందని లెక్క కట్టి చెప్పిందెవరు సార్?" అని అడిగింది.

నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకునే ధైర్యమూ లేకపోయింది. "అది సిలబస్‌లో లేదమ్మా, తర్వాత చూద్దాం" అని డస్టర్ అందుకున్నాను. ఆ 'తర్వాత' రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. వచ్చింది కూడా పాఠ్యపుస్తకం ద్వారా కాదు, ఒక నాటకం గురించి చదవడం వల్ల. ఆ నాటకం రాసినవాడు వృత్తిరీత్యా నాటక రచయిత కాడు. రాబర్ట్ మార్క్ ఫ్రీడ్‌మన్ అనే విజ్ఞానశాస్త్ర చరిత్రకారుడు, నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసినవాడు. నాటకం పేరు 'రిమెంబరింగ్ మిస్ మైట్నర్'. మిస్ మైట్నర్‌ను గుర్తు చేసుకుంటూ అని మన భాషలో అర్థం చెప్పుకోవచ్చు.

పాత కాగితాలు తిరగేయడం, ఆధారాలతో పుస్తకాలు రాయడం చరిత్రకారుడి పని. అలాంటివాడు నాటకం జోలికి ఎందుకు వెళ్ళాడు? వెళ్ళినా నిజం చెడకుండా ఉంటుందా? ఈ రెండు ప్రశ్నలకు మనం జవాబు వెతుకుదాం. ముందు అసలు కథ తెలుసుకుందాం.

వడ్రంగి గది నుంచి

లీజ్ మైట్నర్ 1878లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. ఆడపిల్లలకు విశ్వవిద్యాలయం తలుపులు అప్పుడప్పుడే తెరుచుకుంటున్న కాలమది. బోల్ట్జ్‌మన్ దగ్గర భౌతికశాస్త్రం చదువుకుని 1906లో డాక్టరేట్ పొందింది. 1907లో బెర్లిన్ చేరింది. అక్కడ ఓటో హాన్ అనే యువ రసాయన శాస్త్రవేత్తతో పరిచయమైంది. ఇద్దరూ కలిసి రేడియోధార్మికత మీద పని చేయాలనుకున్నారు. కాని ఆ రసాయన సంస్థలోకి స్త్రీలకు ప్రవేశం లేదు. చివరికి ఒక షరతు మీద అనుమతి దొరికింది. కింది అంతస్తులో ఒకప్పుడు వడ్రంగి పనికి వాడిన గది ఉంది. ఆమె అక్కడే పని చేయాలి, వేరే తలుపు గుండా రావాలి, పైనున్న ప్రయోగశాలల్లోకి అడుగు పెట్టకూడదు. మొదటి కొన్నేళ్ళు జీతం కూడా లేదు. ఇంటి నుంచి వచ్చే డబ్బుతోనే నెట్టుకొచ్చింది.

అలా మొదలైన ఆ జోడీ ముప్పై ఏళ్ళు నిలిచింది. హాన్ రసాయన శాస్త్రం, మైట్నర్ భౌతికశాస్త్రం. ఒకరికి తెలియనిది మరొకరికి తెలుసు. ప్రొటాక్టినియం అనే మూలకాన్ని ఇద్దరూ కలిసి గుర్తించారు. 1926లో మైట్నర్ బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయింది. జర్మనీలో భౌతికశాస్త్రంలో ఆ హోదా పొందిన మొదటి మహిళ ఆమే. 1933లో హిట్లర్ ప్రభుత్వం రాగానే ఆమెకు పాఠం చెప్పే హక్కు పోయింది. ఆస్ట్రియా పౌరురాలు కావడం వల్ల సంస్థలో ఉద్యోగం మాత్రం మిగిలింది. 1934లో యురేనియం మీద న్యూట్రాన్లను ప్రయోగించి చూద్దామని హాన్‌ను మళ్ళీ జట్టు కట్టించింది ఆమే. ఫ్రిట్స్ స్ట్రాస్‌మన్ అనే మరో రసాయన శాస్త్రవేత్త వారితో చేరాడు.

1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకుంది. మైట్నర్ పాస్‌పోర్టు చెల్లని కాగితమైపోయింది. ఆమె వల్ల సంస్థకు ముప్పు వస్తుందన్న ఒత్తిడి పెరిగింది. హాన్ సంస్థకు ధనసహాయం చేసేవారితో మాట్లాడాడు. ఇక సంస్థకు రావద్దని తానే ఆమెకు చెప్పాడు. అదే హాన్, జులైలో ఆమె పారిపోతున్న వేళ తన తల్లి వజ్రపుటుంగరాన్ని చేతిలో పెట్టాడు. సరిహద్దులో కావలివాళ్ళు అడ్డుకుంటే లంచంగా పనికొస్తుందని. ఆ ఇద్దరు హాన్లూ ఒకే మనిషి. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాం. 1938 జులై 13న డచ్ మిత్రుడు డిర్క్ కోస్టర్ సాయంతో, పర్సులో 10 మార్కులతో, ఆమె హాలెండ్ చేరింది. అక్కడి నుంచి స్వీడన్‌కు వెళ్ళింది. అప్పటికి ఆమె వయసు 59.

మంచులో ఒక లెక్క

స్టాక్‌హోమ్‌లో మానే సీగ్‌బాన్ నడిపే కొత్త భౌతికశాస్త్ర సంస్థలో ఆమెకు చోటు దొరికింది. చోటయితే దొరికింది గాని పరికరాలు లేవు, సహాయకులు లేరు. బెర్లిన్‌లో ప్రయోగాలు సాగుతూనే ఉన్నాయి. ఉత్తరాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. నవంబరులో హాన్, మైట్నర్ కోపెన్‌హాగెన్‌లో కలుసుకున్నారు. యురేనియం నుంచి రేడియం వస్తోందని హాన్ అంటే, భౌతికశాస్త్రం ప్రకారం అది కుదరదు, మళ్ళీ పరీక్షించండి అని ఆమె పట్టుబట్టింది. ఆ మాట మీదే హాన్, స్ట్రాస్‌మన్ తిరిగి పరీక్షలు చేశారు. డిసెంబరు 19న హాన్ ఉత్తరం రాశాడు. రేడియం అనుకున్నది బేరియంలా ప్రవర్తిస్తోందనీ, దీనికి నువ్వేమైనా వివరణ చెప్పగలవా అనీ ఆ ఉత్తరం సారాంశం.

ఎందుకంత ఆశ్చర్యం? యురేనియం పరమాణు సంఖ్య 92. బేరియం పరమాణు సంఖ్య 56. అప్పటిదాకా కేంద్రకం నుంచి చిన్న చిన్న పెచ్చులు ఊడటమే అందరికీ తెలుసు. 92 దగ్గర బయలుదేరిన కేంద్రకం 91కో 90కో దిగుతుంది గాని ఒక్క గంతులో 56కు ఎలా వస్తుంది?

క్రిస్మస్ సెలవులకు మైట్నర్ కుంగెల్వ్ అనే చిన్న ఊళ్ళో ఉంది. ఆమె అక్క కొడుకు ఓటో ఫ్రిష్ కూడా భౌతిక శాస్త్రవేత్తే, ఆమెను చూడటానికి వచ్చాడు. ఇద్దరూ మంచులో నడుస్తూ ఈ ఉత్తరం గురించే మాట్లాడుకున్నారు. కేంద్రకాన్ని గట్టి రాయిలా కాక నీటిబొట్టులా ఊహించారు. నీటిబొట్టు సాగి, నడుము సన్నబడి, రెండు బొట్లుగా విడిపోగలదు కదా! ఒక దుంగ మీద కూర్చుని, కాగితం ముక్కల మీద లెక్క వేశారు. మీరూ వేసి చూడండి. 92లో 56 తీసేస్తే 36. అది క్రిప్టాన్. ధనావేశమున్న ఆ రెండు ముక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే దాదాపు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి రావాలి. ఆ శక్తి ఎక్కడిది? రెండు ముక్కల బరువు కలిపితే మొదటి కేంద్రకం కంటే ప్రోటాన్‌లో అయిదో వంతు తక్కువ ఉంటుందని మైట్నర్ లెక్క కట్టింది. ప్రోటాన్ ద్రవ్యరాశి మొత్తం శక్తిగా మారితే సుమారు 938 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. అందులో అయిదో వంతు 190కి దగ్గర. రెండు లెక్కలూ సరిపోయాయి. బొగ్గులోని ఒక కార్బన్ పరమాణువు కాలితే వచ్చేది 4 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. అంటే ఇది దానికి సుమారు 5 కోట్ల రెట్లు.

హాన్, స్ట్రాస్‌మన్ల పత్రం 1939 జనవరి 6న వెలువడింది. నాజీ జర్మనీ నుంచి పారిపోయిన యూదు సహచరి పేరు అందులో చేర్చడం అప్పట్లో సాధ్యమయ్యే పని కాదు. మైట్నర్, ఫ్రిష్‌ల వివరణ ఫిబ్రవరి 11న 'నేచర్' పత్రికలో వచ్చింది. విచ్ఛిత్తి అన్న అర్థమిచ్చే 'ఫిషన్' అనే పేరు ఈ ప్రక్రియకు పెట్టింది వాళ్ళే. రెండో బెంచీ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇది.

1945 నవంబరులో, 1944 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని ఓటో హాన్ ఒక్కడికే ప్రకటించారు.

తాళం తీసిన బీరువా

ఇక్కడ చరిత్రకారుడు రంగంలోకి వస్తాడు. నోబెల్ బహుమతి ఎవరికి, ఎందుకు ఇచ్చారన్న చర్చల కాగితాలు యాభై ఏళ్ళ పాటు రహస్యం. ఆ గడువు దాటాక చరిత్రకారులు వాటిని చదవవచ్చు. ఆ నియమం వల్ల 1940ల నాటి కాగితాలు 1990లలో చేతికందాయి. ఎలిజబెత్ క్రాఫర్డ్, రూత్ లూయిన్ సైమ్, మార్క్ వాకర్ అనే ముగ్గురు 1997లో ఈ బహుమతి వెనక జరిగిన తతంగాన్ని బయటపెట్టారు. అంతకుముందే, 1996లో, సైమ్ మైట్నర్ సమగ్ర జీవిత చరిత్ర రాసింది. ఫ్రీడ్‌మన్ ఏళ్ళ తరబడి నోబెల్ కాగితాలు చదివి 2001లో 'ది పాలిటిక్స్ ఆఫ్ ఎక్సలెన్స్' అనే పుస్తకం ప్రచురించాడు.

కాగితాల్లో ఏముంది? మైట్నర్ పేరును వేర్వేరు ఏళ్ళలో నలభైసార్లకు పైగా ప్రతిపాదించారు. 1945లో రసాయనశాస్త్ర కమిటీ తొందరపడవద్దు, యుద్ధకాలంలో రహస్యంగా ఉన్న పరిశోధనలు బయటికి వచ్చాక మళ్ళీ చూద్దామంది. అకాడమీ సభ్యులు ఆ సలహాను తోసిపుచ్చి హాన్‌కే ఓటు వేశారు. భౌతికశాస్త్ర కమిటీలో సీగ్‌బాన్ సభ్యుడు. మైట్నర్‌కు చోటిచ్చి సాధనాలు ఇవ్వని ఆ సంస్థ అధిపతి ఆయనే. నోబెల్ బహుమతి దైవనిర్ణయం కాదు. కొందరు మనుషులు ఒక గదిలో కూర్చుని, తమకు తెలిసినదాన్ని బట్టి, తెలియనిదాన్ని బట్టి, ఇష్టాయిష్టాలను బట్టి తీసుకున్న నిర్ణయం. ఫ్రీడ్‌మన్ పుస్తకం చెప్పిన ప్రధానమైన మాట ఇదే.

మంచి పుస్తకం. కాని పరిశోధన గ్రంథాలు ఎంతమంది చదువుతారు? నా సంగతే చూడండి. కేంద్రక భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకుణ్ణి. ఇంత పరిశోధన జరుగుతున్నా నా బోర్డు మీద రెండు పేర్లే ఉన్నాయి. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 2002లో, ఫ్రీడ్‌మన్ నాటకం వచ్చింది. పాత్రలు ముగ్గురు: మైట్నర్, హాన్, సీగ్‌బాన్.

ఎందుకు నాటకం?

కేవలం ఎక్కువమందికి చేరుతుందనేనా? అది ఒక కారణం. కాని దానికంటే లోతైన కారణం ఒకటి ఉందని నాకనిపిస్తుంది. మన తెలుగువాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. రాయబారం ఘట్టం గుర్తు చేసుకోండి. కృష్ణుడి మాట దుర్యోధనుడు వినడని, యుద్ధం తప్పదని పందిట్లో కూర్చున్న పసివాడికి కూడా తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుని పద్యం పద్యానికీ 'వన్స్ మోర్' కొట్టేవారు. జరగబోయేది తెలిసినా, ఎవరు ఏ మాట అన్నారు, ఎదుటివాడు ఏమని బదులిచ్చాడు అన్నదే వాళ్ళకు కావాలి.

పరిశోధన పత్రంలో ఒక్క గొంతే ఉంటుంది, అది రచయితది. నాటకంలో ప్రతివాడికీ తన పక్షం చెప్పుకునే హక్కు ఉంటుంది. హాన్ తరఫున వాదం ఉంది: నా పేరుతో ఆమె పేరు కలిపితే నాజీలు నన్నూ నా సంస్థనూ బతకనిస్తారా? సీగ్‌బాన్ తరఫునా ఉంది: చిన్న దేశంలో కొత్త సంస్థ, ఉన్న డబ్బు నా సైక్లోట్రాన్‌కే చాలడం లేదు. మైట్నర్‌కు ఒకే ప్రశ్న ఉంది: యుద్ధం ముగిశాక కూడా ఎందుకు నోరు విప్పలేదు? ఈ మాటలు నేను ఉదాహరణకు చెబుతున్నవి, నాటకంలోని సంభాషణలు కావు. ఈ ముగ్గురూ జీవితంలో తేల్చుకోని లెక్క ఇది. వేదిక మీద మాత్రం వాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టవచ్చు. తీర్పు ప్రేక్షకుడు చెబుతాడు.

ఆ మూడో ప్రశ్న చాలా బరువైనది. యుద్ధం తర్వాత హాన్ ఈ ఆవిష్కరణను రసాయనశాస్త్రం ఒక్కటే సాధించిన విజయంగా చెబుతూ వచ్చాడు. మైట్నర్ పాత్ర నెమ్మదిగా చెరిగిపోయింది. మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియంలో ఆ ప్రయోగాల బల్లను చాలా ఏళ్ళ పాటు ఓటో హాన్ పని బల్లగా చూపించారు. ఆమె పేరు తర్వాత్తర్వాత గాని చేరలేదు. అయినా చివరిదాకా వాళ్ళ స్నేహం తెగలేదు, ఉత్తరాలు ఆగలేదు. ఇద్దరూ 1968లోనే కన్నుమూశారు. అందుకే హాన్‌ను దుర్మార్గుడిగా, మైట్నర్‌ను కన్నీటి బొమ్మగా చూపిస్తే అది మరో అబద్ధం అవుతుంది. పొమ్మన్న నోరూ ఉంగరమిచ్చిన చేయీ ఒకే మనిషివి. ఈ మెలికను గ్రంథం వివరించగలదు. నాటకం కళ్ళ ముందు నిలుపుతుంది.

కల్పనకు హద్దు ఎక్కడ?

ఇక రెండో ప్రశ్న. నాటకంలో కల్పన తప్పదు. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు ఏమనుకున్నారో కాగితాల్లో ఉండదు. రచయిత సంభాషణ కల్పించాలి. అప్పుడు చరిత్రకు హాని జరగదా?

జరగవచ్చు. అందుకే ఒక నియమం అవసరం: ఆధారమున్నది ఏది, కల్పించింది ఏది అన్న గీత రచయిత మనసులో స్పష్టంగా ఉండాలి, అడిగితే చూపించగలగాలి. మైకేల్ ఫ్రేన్ రాసిన 'కోపెన్‌హాగెన్' నాటకం 1998లో లండన్‌లో ప్రదర్శించారు. 1941లో జర్మనీ శాస్త్రవేత్త హైజన్‌బర్గ్ తన గురువు నీల్స్ బోర్‌ను ఎందుకు కలిశాడన్నది దాని విషయం. ఫ్రేన్ చరిత్రకారుడు కాడు. కాని నాటకం చివర సుదీర్ఘమైన వెనుకమాట చేర్చి, ఆధారాలేమిటో, ఊహలేమిటో వివరించాడు. చరిత్రకారులు కొందరు గట్టిగా విమర్శించారు. వాదం ముదిరింది. దాని ఫలితం చూడండి. ఆ భేటీ గురించి బోర్ రాసి పంపకుండా ఉంచుకున్న ఉత్తరాల ముసాయిదాలు 2012 దాకా బయటికి రావలసినవి కావు. చర్చ అంతటితో ఆగేలా లేదని గ్రహించి, బోర్ కుటుంబం 2002 ఫిబ్రవరిలోనే వాటిని విడుదల చేసింది. పదేళ్ళ ముందే! పరిశోధన నుంచి నాటకం పుట్టడం మనకు తెలుసు. ఇక్కడ నాటకం వల్ల కొత్త ఆధారాలు బయటపడ్డాయి.

ఇది పాశ్చాత్యుల సంగతి, మనకెందుకు అంటారా? గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అచ్చయినప్పుడు రాసిన పీఠిక తీసి చూడండి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితాను విజయనగరం మహారాజు తయారు చేయించారనీ, అందులో 1034 పెళ్ళిళ్ళు లెక్కకు వచ్చాయనీ అందులో ఉంది. గిరీశం, మధురవాణి కల్పిత పాత్రలు. ఆ 1034 మాత్రం కల్పన కాదు. నాటకం వెనక జాబితా ఉంది. జాబితా మరుగున పడినా నాటకం మిగిలింది. ఫ్రీడ్‌మన్ చేసిన పని మనకు కొత్తది కాదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

మీకు ఒక పని

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఒక చిన్న అభ్యాసం సూచిస్తాను. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తీసుకోండి. అమెరికాలో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. జీవకణాల్లో శక్తిని మోసే పదార్థాల మీద ముఖ్యమైన పని చేశారు. తర్వాత లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లం మీద, కొత్త మందుల మీద పరిశోధనలు నడిపించారు. 1948లో మరణించారు. లేదా మేఘనాథ్ సాహాను తీసుకోండి. నోబెల్‌కు ఆయన పేరు పలుమార్లు ప్రతిపాదనకు వెళ్ళింది, బహుమతి రాలేదు.

ముగ్గురు పాత్రలు, ఇరవై నిమిషాల నాటిక చాలు. అయితే అన్యాయం జరిగిందని ముందే తీర్మానించుకుని కలం పట్టకండి. ముందు దొరికిన ఆధారాలు చదవండి. నోటుపుస్తకంలో మధ్యకు గీత గీసి, ఎడమవైపు ఆధారమున్నవి, కుడివైపు మీరు కల్పించినవి రాయండి. బహుమతి రానివాడికే కాదు, ఇవ్వనివాడికీ మాట్లాడే అవకాశమివ్వండి. ఎవరి పక్షం రాయడానికి మీకు మనసొప్పదో ఆ పాత్రకే మంచి మాటలు రాయండి. ప్రదర్శన అయ్యాక ఆ నోటుపుస్తకాన్ని ప్రేక్షకులకు చూపించండి. విజ్ఞానశాస్త్రం మనుషులు చేసే పని అని, అందులో లెక్కలే కాదు, భయాలూ స్నేహాలూ పొరపాట్లూ ఉంటాయని విద్యార్థికి ఒక్కసారి అర్థమైతే, తర్వాత ఏ పాఠ్యపుస్తకాన్నీ గుడ్డిగా నమ్మడు.

మైట్నర్‌కు నోబెల్ రాలేదు. 1966లో హాన్, స్ట్రాస్‌మన్‌లతో పాటు ఆమెకు అమెరికా ప్రభుత్వం ఎన్రికో ఫెర్మీ పురస్కారం ఇచ్చింది. 109వ మూలకానికి 1997లో మైట్నీరియం అనే పేరు ఖాయమైంది. ఆవర్తన పట్టికలో ఆ గడి చూసినప్పుడల్లా నాకు రెండో బెంచీ గుర్తుకొస్తుంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఉందో తెలియదు. ఆ తర్వాతి బ్యాచ్‌ల నుంచి మాత్రం బోర్డు మీద నాలుగు పేర్లు రాస్తున్నాను: మైట్నర్, హాన్, స్ట్రాస్‌మన్, ఫ్రిష్. ఎవరు ఏ పని చేశారో ఒక్కొక్క వాక్యంలో పక్కనే రాస్తున్నాను. రెండు మార్కుల ప్రశ్నకు అది ఎక్కువే. అయినా పది నిమిషాలు అందుకే కేటాయిస్తాను.

మీ తరగతిలో కూడా ఎవరో ఒకరు అలాంటి ప్రశ్న అడుగుతారు. అప్పుడు డస్టర్ అందుకోకండి. సెలవు.